ఇల్లు అమ్మకు

ఫిబ్రవరి 9, ఆదివారం

ఆఫీసు వాళ్ళిచ్చిన డైరీ ఇది. జనవరి అంతా ఖాళీ. ఇన్నాళ్ళూ దీని మీద కాఫీ కప్పు పెట్టుకుంటున్నాను, అట్ట మీద గుండ్రటి మరక కూడా పడింది. ఇప్పుడు రాస్తున్నానంటే సరదా పుట్టి కాదు. ఎక్కడో ఒకచోట కక్కకపోతే ఆ కోపమంతా రేపు అమ్మ మీద పడుతుంది.

నాన్న ఫ్లాట్ అమ్మాలి. ఆయన పోయి ఐదు నెలలైంది. తాళం నా దగ్గరుంది, ఫ్లాట్ అక్కడుంది, ఆ అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఫోన్లు మాత్రం నా నెత్తిన ఉన్నాయి. కుళాయి కారుతోందట, ఉత్తరాలు పేరుకుపోయాయట, మీటింగుకి ఎవరూ రావడం లేదట. అమ్మా నాన్నా విడిపోయి ఇరవై ఆరేళ్ళైనా కాగితాల మీద విడిపోలేదు కాబట్టి, ఆ ఫ్లాట్ ఇప్పుడు అమ్మదీ నాదీ. అమ్మాలంటే ఇద్దరం సంతకం పెట్టాలి.

పొద్దున గుండె చిక్కబట్టుకుని అమ్మను అడిగాను, ఏం చేద్దామని. కిటికీ దగ్గర కుర్చీలోంచి తల తిప్పకుండానే "అమ్మేయ్" అంది. ఎవరికి అనలేదు, ఎప్పుడు అనలేదు. ఒకసారి వచ్చి చూస్తావా అంటే తనకేం పని అక్కడ అంది.

సరే, మంచిదే. ఆ వచ్చేదానితో మా ఇంట్లో కింద అమ్మకో గది కట్టిస్తాను, పక్కనే బాత్రూమ్. ఇప్పుడు పడక గదులన్నీ మేడ మీదే. మోకాళ్ళతో మెట్లెక్కలేక హాల్లో దీవాన్ మీద పడుకుంటోంది. ఇదంతా అమ్మ కోసమే.

మా ఇల్లు ఊరి చివర కొత్త లేఅవుట్‌లో. గాలి బాగా వస్తుంది. గాలి తప్ప ఇంకేదీ రాదు. అగ్గిపెట్టె కావాలన్నా కారు తీయాలి. నాకు అలవాటైపోయింది. నాలుగేళ్ళయింది కదా, అమ్మకూ అలవాటయ్యే ఉంటుంది.

ఫిబ్రవరి 15, శనివారం

ఫ్లాట్ తెరిచాను. మూడో అంతస్తు, నేను పెరిగిన ఇల్లే. ఆయన పోయినప్పటి హడావిడిలో సరిగ్గా చూడలేదు గానీ, ఇంట్లో సామానే లేదు. హాల్లో నిలువెత్తు పుస్తకాల బీరువా ఉండేది, ఖాళీ. గోడ గడియారం లేదు, అది ఉన్నచోట తెల్లటి గుండ్రటి మచ్చ ఉంది. బాల్కనీలో పూలకుండీలు లేవు. మంచం, ఒక కుర్చీ, పొయ్యి, బట్టల బీరువా, అంతే. పోయేముందు అన్నీ ఎవరికి తగలేశాడో. కూతురు ఒకతి ఉందని ఒక్క పుస్తకమైనా ఉంచాలనిపించలేదు కాబోలు.

బాత్రూమ్‌లో కొత్తగా పట్టుకోవడానికి స్టీలు కడ్డీ వేయించాడు. అదైనా సరిగ్గా వేయించాడా అంటే లేదు. ఆరడుగుల మనిషి, కడ్డీ నా నడుముకంటే కిందికి ఉంది. మేస్త్రీని దగ్గరుండి చూసుకోవద్దూ.

తర్వాత బట్టల బీరువా తెరిచాను. పై అరలో రెండో తాళాల గుత్తి. దానికి అట్టముక్క, పురికొసతో కట్టి. ఆ అట్టలు నాకు తెలుసు. నాన్న ముప్ఫై నాలుగేళ్ళు పార్సెల్ ఆఫీసులో చేశాడు. మందపాటి గోధుమ రంగు అట్ట, మూల కన్నం. చిన్నప్పుడు వాటి మీదే లెక్కలు చేసేదాన్ని. దాని మీద ఆయన రాత, లావు నల్ల పెన్నుతో:

ఇల్లు అమ్మకు

చదవగానే ఒళ్ళు మండిపోయింది. పోయి ఐదు నెలలైనా ఆర్డర్లు ఆగలేదు. పరిగెత్తకు. గట్టిగా నవ్వకు. తలుపు బార్లా తీయకు. పెన్ను కొరక్కు. ఆయన నోటి నుంచి నేను విన్న మాటలన్నీ "కు"తోనే ఆగిపోయేవి. నాకు నలభై ఆరేళ్ళు. నాన్నా, ఇల్లు అమ్మాలో వద్దో నువ్వు తాళాలకు కట్టి చెప్పాలా? ఎందుకు వద్దో ఒక్క ముక్క రాయడానికి అట్ట మీద చోటు లేదా? వెనకవైపంతా ఖాళీగానే ఉంది, తిప్పి చూశాను.

గుత్తి బ్యాగులో పడేసుకుని వచ్చేశాను. అమ్మకు చెప్పలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

అమ్ముతాను. అమ్మి తీరతాను.

ఫిబ్రవరి 19, బుధవారం

సెలవు పెట్టి ఏజెంటును కలిశాను. ఇస్త్రీ చొక్కా, రెండు ఫోన్లు, ఎందుకో తెలియని నవ్వు ఒకటి. ప్రకటన ముందే రాసుకొచ్చాడు. "అన్నీ నడక దూరంలోనే. లైబ్రరీ ఐదు నిమిషాలు, పార్కు ఐదు నిమిషాలు, ఆస్పత్రి ఐదు నిమిషాలు, రైల్వే స్టేషన్ ఐదు నిమిషాలు." నాలుగూ ఒకే దూరంలో ఉండాలంటే ఈ ఇల్లు మధ్యలో పెట్టి వాటిని చుట్టూ కట్టి ఉండాలి. ఆ మాటే అన్నాను. నవ్వాడు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. గడియారం చూసుకుంటూ నడిచాను. లైబ్రరీ తొమ్మిది నిమిషాలు. పార్కు ఏడు. ఆస్పత్రి పన్నెండు, మధ్యలో సిగ్నల్ పడితే పధ్నాలుగు. స్టేషన్ జోలికి పోలేదు. ఐదు నిమిషాలకు సరిగ్గా ఉన్నది కళ్ళజోళ్ళ షాపు ఒక్కటే, అది ప్రకటనలో లేదు. మూల మీద బేకరీ ఇంకా ఉంది, ముందు సిమెంటు బెంచీ కూడా. చెప్పులు కుట్టే అతను, విత్తనాల దుకాణం, జిరాక్స్, మందుల షాపు, కూరగాయల బండి. ఒక్క వీధిలో ఇన్ని ఎలా బతుకుతాయో. మా ఫ్లాట్ కిందే టైలర్ షాపు. అతను నన్ను గుర్తుపట్టి లేవబోయాడు, ఫోన్‌లో ఉన్నట్టు నటించి దాటేశాను. చిన్నప్పుడు ఈ వీధంతా అమ్మ చెయ్యి పట్టుకుని తిరిగాను. నాకేం అనిపించలేదు.

తిరిగొచ్చి ఏజెంటుకు నిమిషాలన్నీ చెప్పాను. "మీరు మెల్లగా నడిచారు మేడమ్" అన్నాడు. ఇక నుంచి వీడి పేరు ఐదు నిమిషాలు.

ఫిబ్రవరి 22, శనివారం

ముగ్గురికి ఇల్లు చూపించాం. మొదటాయన ప్రతి గోడనూ వేలి కణుపులతో కొట్టి చెవి పెట్టి విన్నాడు, గోడ ఏం చెప్పిందో ఏమో, వెళ్ళిపోయాడు. రెండో ఆవిడ ప్రతి మూలా నిలబడి ఫోన్ పైకెత్తి సిగ్నల్ చూసుకుంది. వంటింట్లో రెండు గీతలే వచ్చాయట. వంట చేస్తూ ఎవరితో మాట్లాడాలో.

మూడోవాళ్ళు కాస్త పర్వాలేదు. మొగుడి చేతిలో టేపు, పెళ్ళాం చేతిలో నోటు పుస్తకం. కిటికీలు, తలుపులు, గడపలు, ఆఖరికి స్విచ్ బోర్డు నుంచి నేల వరకు కొలుచుకున్నారు. బాత్రూమ్ కడ్డీ చూసి ఇది పిల్లల కోసమా అని అడిగారు. కాదు, మేస్త్రీ తెలివి అన్నాను. వాళ్ళు దిగుతుండగా లిఫ్ట్ రెండో అంతస్తు దగ్గర ఆగిపోయింది. ఇరవై నిమిషాలు లోపలే. ఐదు నిమిషాలు మెట్ల మీద నిలబడి "ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది సార్" అని అరుస్తూనే ఉన్నాడు.

ఆ లిఫ్ట్ మా కంపెనీది. నేను చేసేది ఫిర్యాదుల విభాగంలో. సిగ్గుతో చచ్చాను.

ఫిబ్రవరి 24, సోమవారం

అనుకున్నట్టే ఫిర్యాదు నా బల్ల మీదికే వచ్చింది. ఆ బిల్డింగ్ పాత రికార్డు తీయించాను. ఏడాదిలో పదకొండు ఫిర్యాదులు. పదకొండూ ఒక్కరే ఇచ్చారు. మూడో అంతస్తు, నాన్న. ఆ ఏరియా అప్పట్లో వేరే అమ్మాయి చూసేది, అందుకే నాకు తెలియలేదు. నా పేరు ఒక్కసారి చెప్పి ఉంటే ఆ రోజే మనిషిని పంపేదాన్ని. చెప్పడు. నెలకోసారి ఫోన్ చేసేవాడు గదా, అప్పుడు కూడా చెప్పలేదు. అమ్మ ఎలా ఉంది అనేవాడు. మోకాళ్ళు అనేదాన్ని. ఊఁ అనేవాడు. అయిపోయేది.

ఫిర్యాదుల కింద రిమార్కు గడిలో ప్రతిసారీ ఒకటే మాట రాయించాడు. "మోకాళ్ళు బాగాలేని మనిషి వస్తారు. త్వరగా చేయించగలరు." ఎవరొస్తారు ఆయన ఇంటికి? తన కాళ్ళు పట్టేశాయని చెప్పుకోవడానికి నామోషీ, అందుకని ఎవరినో సృష్టించాడు. నాకు తెలియదా ఆయన సంగతి.

మెకానిక్‌ను పంపాను. ఏదో భాగం రావాలట, మూడు వారాలన్నాడు. మా కంపెనీలో మూడు వారాలంటే ఏమిటో నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

ఫిబ్రవరి 27, గురువారం

అమ్మతో గొడవ. కళ్ళజోడు మర ఊడిపోయి నెలైంది. దారం కట్టుకుని నెట్టుకొస్తోంది. చదువుతుంటే జారుతోందని, షాపుకు తీసుకెళ్ళమని ఇవాళ మళ్ళీ అడిగింది. ఆదివారం అన్నాను. పోయిన ఆదివారం కూడా అలాగే అన్నావు అంది. నోరు జారాను. రోజంతా ఆఫీసులో ఊళ్ళోవాళ్ళ ఫిర్యాదులు విని వస్తే ఇంట్లో నీ ఫిర్యాదా అన్నాను.  అమ్మ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కిటికీ బయట ఖాళీ స్థలాలు, నంబర్లు రాసిన రాళ్ళు తప్ప ఏమీ లేవు.

నాది తప్పే. కానీ ఒక్కదాన్ని, ఎన్ని చూసుకోను.

మార్చి 2, ఆదివారం

కొలతల దంపతులు మళ్ళీ వచ్చారు. తీసుకుంటారట. పదిహేనో తారీఖున ఫ్లాట్‌లోనే కూర్చుని ఒప్పందం మీద సంతకాలు. అమ్మ కూడా రావాలి. ఐదు నిమిషాలు నాకు చెయ్యి ఊపి ఊపి అభినందనలు చెప్పాడు.

కళ్ళజోడు షాపుకు వెళ్ళడం కుదరలేదు.

మార్చి 4, మంగళవారం

కారులో ఆస్పత్రికి తీసుకెళ్తుంటే అమ్మ ఉన్నట్టుండి మూల మీద బేకరీ ఉందా అంది. ఏ బేకరీ అన్నాను. అక్కడ, అంది. ఉందన్నాను. కాసేపాగి, ముందు బెంచీ ఉందా అంది. ఉంది. ఇంకాసేపాగి, లైబ్రరీ మెట్లకు పట్టుకోవడానికి ఏమైనా వేశారా అంది. చూడలేదు, నీకెందుకమ్మా ఇప్పుడు అవన్నీ, పదిహేనుకు అంతా అయిపోతుందిగా అన్నాను. ఊరికే అడిగానంది.  ముసలితనంలో పాత సంగతులు గుర్తొస్తాయి, మామూలే.

మేస్త్రీ వచ్చి గదికి కొలతలు తీసుకున్నాడు. ఇదంతా అమ్మ కోసమే.

మార్చి 8, శనివారం

రాయాలో వద్దో తెలియడం లేదు. రాస్తాను.

మిగిలిన సామాను తీయించడానికి ఫ్లాట్‌కు వెళ్ళాను. లిఫ్ట్ పనిచేయదు కాబట్టి మెట్లు. మూడో అంతస్తు చేరి రొప్పుతూ నిలబడితే ఎదురు ఫ్లాట్ తలుపు తీసే ఉంది. అందులో ఉండేది రిటైరైన లెక్కల టీచరు. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. బాల్కనీలో వరసగా కుండీలు. మా కుండీలే. అంచు విరిగిన ఎర్రకుండీ నేను విరగ్గొట్టిందే, ఎలా మర్చిపోతాను. ఇవి మీ దగ్గరకెలా వచ్చాయి అన్నాను. గొంతు కాస్త దురుసుగానే వచ్చి ఉంటుంది.

ఆవిడ నొచ్చుకోలేదు. లేచి వెళ్ళి ఎర్రకుండీకి వేలాడుతున్న అట్ట నా వైపు తిప్పింది. అదే గోధుమ రంగు అట్ట, అదే లావు నల్ల పెన్ను.

కుండీలు టీచరమ్మకు

ఒకసారి చదివాను. మళ్ళీ చదివాను. టీచరమ్మకు. టీచర్ అమ్మకు. అమ్మకు.

ఆవిడ చెబుతూనే ఉంది. పోయేముందు మూడు నెలలు నాన్న ఒక్కో వస్తువూ పట్టుకుని వీధంతా తిరిగి ఇచ్చి వచ్చాడట. పుస్తకాలు లైబ్రరీకి. గొడుగు వాచ్‌మన్‌కు. ప్రతిదానికీ అట్ట. "ఆయన పార్సెల్ ఆఫీసు మనిషి కదమ్మా, వస్తువు పేరు, తర్వాత చేరాల్సినవాళ్ళు. అంతకుమించి రాసేవారు కాదు" అంది. నేను ఊఁ అన్నాను. నాన్నలాగే అన్నాను.

కిందికి దిగి టైలర్ షాపుకు వెళ్ళాను. గోడ గడియారం అక్కడుంది, ఐదు నిమిషాలు ముందుకు తిరుగుతూ. దాని వెనక అట్ట ఉందా అని అడిగాను. తీసి చూపించాడు. గడియారం టైలర్‌కు.

ఫ్లాట్‌లోకి వెళ్ళి తలుపేసుకుని బాత్రూమ్‌లో ఆ కడ్డీ ముందు నిలబడ్డాను. నా నడుముకంటే కింద. అమ్మ నాకంటే జానెడు పొట్టి. అమ్మ చెయ్యి సరిగ్గా అక్కడికే వస్తుంది. మేస్త్రీ తప్పు చేయలేదు. మోకాళ్ళు బాగాలేని మనిషి వస్తారు అని పదకొండుసార్లు మా కంపెనీకే చెప్పాడు. నేనే చదివాను, చదివి మెకానిక్‌ను పంపాను.

"కు"లు, నిజమే. ఆయనవన్నీ "కు"లే. కానీ అందులో సగం ఇదే మాట కదా. అమ్మా నాన్నా ఒకే ఇంట్లో మాట్లాడుకోకుండా గడిపిన ఆ చివరి రెండేళ్ళూ నా చేతికి ఏది ఇచ్చినా ఒకటే మాట. మందులు, ఉత్తరం, వార్తాపత్రిక ఆదివారం పేజీ. "అమ్మకు." హాల్లోంచి వంటింట్లోకి మోసింది నేనే. ఆ మాట నాకంటే ఎక్కువసార్లు విన్నవాళ్ళు ఈ భూమ్మీద లేరు. నేనే తప్పు చదివాను.

అక్కడే స్నానాల గది గట్టు మీద కూర్చుని ఏడ్చాను. రాయకూడదనుకున్నాను, రాసేశాను.

మార్చి 9, ఆదివారం

అమ్మకు చెప్పలేదు. మాట ఇచ్చాక వెనక్కి పోతే ఏం బాగుంటుంది. కొలతల దంపతులు కర్టెన్లు కుట్టించేస్తున్నారట, కింద టైలర్ దగ్గరే.

మార్చి 11, మంగళవారం

ఆలోచిస్తే, ఆ ఇల్లు అమ్మకు ఏం పనికొస్తుంది. మూడో అంతస్తు. లిఫ్ట్ నడవదు. ఒంటరిగా ఎలా ఉంటుంది, రాత్రివేళ ఏమన్నా అయితే. ఇక్కడ నేనున్నాను. సాయంత్రం ఏడింటికి వచ్చేస్తాను, ఒక్కోసారి ఎనిమిది. సంతకాలయ్యాక నెమ్మదిగా చెప్తాను.

లిఫ్ట్ భాగం కోసం గోడౌన్‌కు నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎందుకు చేశానో తెలియదు. కొనేవాళ్ళకు పనికొస్తుందనే.

మార్చి 13, గురువారం

భాగం వచ్చింది. లిఫ్ట్ బాగైంది. దగ్గరుండి చేయించాను.

ఇదంతా అమ్మ కోసమే.

మార్చి 15, శనివారం

అన్నీ వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి నాకే అనుమానం వస్తుంది.

పదింటికి అమ్మను తీసుకెళ్ళాను. కారు దిగింది గానీ పైకి రానంది. సంతకానికి పిలువు, అప్పటిదాకా కింద కూర్చుంటానంది. లిఫ్ట్ ఉందమ్మా అన్నా వినలేదు. టైలర్ కుర్చీ వేశాడు. అమ్మ కూర్చుని తల పైకెత్తి ఆ గడియారాన్ని చూసింది.

పైన కొలతల దంపతులు మళ్ళీ కొలుస్తున్నారు. కాగితాలు ఏజెంటు దగ్గరున్నాయి. ఏజెంటు ఎక్కడ అంటే, ఐదు నిమిషాల్లో వస్తాడట. నలభై నిమిషాలు చూశాను. అమ్మ విసుక్కుంటుందని కిందికి దిగితే కుర్చీ ఖాళీ. ఇప్పుడే వస్తామన్నారు అన్నాడు టైలర్, ఎటు వెళ్ళిందో చూడలేదట. గడియారం చూశాడు గానీ అమ్మను చూడలేదు.

 నాలుగేళ్ళుగా గేటు దాటి ఒంటరిగా వెళ్ళని మనిషి. మందుల షాపు, కూరగాయల బండి, చెప్పుల అతను, అందరినీ అడిగాను. పొట్టిగా ఉంటుంది, నీలం చీర, కళ్ళజోడుకు దారం. కళ్ళజోళ్ళ షాపులో అతను నవ్వి, దారం లేదండీ ఇప్పుడు, నేనే తీసేశాను అన్నాడు. బేకరీ బెంచీ మీద ఒకావిడ, మీ అమ్మగారా, ఇక్కడ కాసేపు కూర్చుని వెళ్ళారు అంది. ఎటు అంటే చెయ్యి చూపించింది. పరిగెత్తాను. పరిగెత్తకు అనేవాళ్ళెవరూ లేరు.

లైబ్రరీ. మెట్లకు పక్కన కడ్డీ వేశారు, కొత్తది. లోపల కిటికీ పక్క బల్ల దగ్గర అమ్మ పేపరు చదువుకుంటోంది, కాళ్ళ దగ్గర బేకరీ సంచి. చెప్పకుండా ఎలా వచ్చేశావమ్మా అన్నాను. అందరూ తలెత్తి చూశారు.

"అరవకు. ఇది లైబ్రరీ" అంది అమ్మ.

పక్కన కూలబడ్డాను. మర బిగించడం రెండు నిమిషాల పనట, కళ్ళజోడు తీసి చూపించింది. ఇక్కడికి రావడానికి ఎంతసేపు పట్టిందని అడిగాను. ఇరవై నిమిషాలు, బెంచీ మీద కూర్చున్నది కూడా కలిపి, తనకేం తొందర అంది. ఆ ముఖం నేను చూసి ఎన్నాళ్ళైందో. అప్పుడు నా చేతికేసి చూసింది. తాళాల గుత్తి చేతిలోనే పట్టుకుని వీధంతా పరిగెత్తానని అప్పటిదాకా నాకే తెలియదు.

"అది పార్సెల్ ఆఫీసు అట్ట కదూ" అంది. ఇచ్చాను. బాగైన కళ్ళజోడులోంచి చదివింది. మూడు నిమిషాలైనా పట్టి ఉంటుంది ఆ రెండు మాటలు చదవడానికి.

"ఎప్పుడు దొరికింది?"

"నెలైంది. ముందు అమ్మొద్దని చదివాను. కోపమొచ్చింది. పోయిన వారం తెలిసింది, నీకని."

"తెలిశాక ఎందుకు చెప్పలేదు?"

మాట ఇచ్చాం, కర్టెన్లు కుట్టారు, మేస్త్రీ కొలతలు తీశాడు, అన్నీ సిద్ధంగా ఉన్నాయి నా దగ్గర. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు.

"నువ్వు వెళ్ళిపోతావని."

అమ్మ అట్ట అంచు నిమిరింది. తర్వాత మెల్లగా చెప్పింది. ఉంచమంటే నన్ను వదిలి పోవాలనుకుంటోందని నేను బాధపడతానని, అందుకే అమ్మేయమందట. "నీ ఇంట్లో నాకే లోటూ లేదే. కానీ అగ్గిపెట్టె అయిపోతే నీ ముఖంలోకి చూడాలి. నీకు విసుగు. ఆ విసుగు చూస్తే నాకూ విసుగు. ఇద్దరం ఒకరి మీద ఒకరం పాడైపోతున్నాం."

నాన్న నీకే నేరుగా చెప్పొచ్చు కదా అన్నాను. ఏడుపు ఆపుకుంటూ అన్నాను, అందుకని కోపంగా వినిపించింది.

"నాతో చెప్పడం ఆయనకు ఎప్పుడూ రాలేదు. నీ చేతే పంపాడు, ఎప్పట్లాగే" అంది.

ఫోన్ మోగింది. ఐదు నిమిషాలు. కాగితాలు తెచ్చానని, అందరూ ఎదురు చూస్తున్నారని చెప్పడానికే. ఎత్తమంది అమ్మ. ఏం చెప్పను అన్నాను. అట్ట నా ముందు బల్ల మీద పెట్టింది.

"రాసే ఉందిగా. నువ్వు మొదట ఎలా చదివావో అలాగే చదువు."

మార్చి 16, ఆదివారం

ఏజెంటు అరగంట అరిచాడు. ఐదు నిమిషాలు అనుకున్నాను. కొలతల దంపతులు మర్యాదస్తులు, ముఖం మాత్రం మాడిపోయింది. చేతులు పట్టుకుని క్షమించమన్నాను. ఆ కిటికీల కొలతకు కుట్టించిన కర్టెన్లు అమ్మే తీసేసుకుంది. పసుపు మీద పెద్ద పెద్ద ఆకులు. నాకు నచ్చలేదు. నిన్నెవరడిగారు అంది.

మార్చి 30, ఆదివారం

అమ్మను దించి వచ్చాను. కుర్చీ కూడా తీసుకెళ్ళింది. మేస్త్రీకి గది వద్దని చెప్పాను. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఏప్రిల్ 2, బుధవారం

ఇల్లు ప్రశాంతంగా ఉంది. చాలా బాగుంది. ఎనిమిదింటికి వచ్చినా అడిగేవాళ్ళు లేరు.

కిటికీ దగ్గర నేల మీద కుర్చీ కాళ్ళ గుర్తులు నాలుగు ఉన్నాయి. తుడిచినా పోవడం లేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

పొద్దున అమ్మ ఫోన్. కూరగాయలు తేకు, కిందే దొరుకుతాయి. పన్నెండు లోపు రాకు, లైబ్రరీలో ఉంటాను. లిఫ్ట్ గురించి ఆఫీసులో ఎవరినీ తిట్టకు, బాగానే నడుస్తోంది. ఒక్క ఫోన్‌లో మూడు "కు"లు. ఆ ఇంటి గాలే అంత కాబోలు. పన్నెండు దాటాకే వెళ్ళాను. టీచరమ్మ ఎర్రకుండీ వెనక్కి ఇచ్చేసిందట, బాల్కనీలో ఉంది. ఆ ఆకుల కర్టెన్లు అంత దారుణంగా ఏం లేవు.

బయల్దేరుతుంటే లిఫ్ట్ దగ్గర అమ్మ నా చేతిలో ఏదో పెట్టి గుప్పిట మూసేసింది. ఇంటికెళ్ళాక చూసుకో అంది. నాకంత ఓపిక ఎక్కడిది, కారులోనే చూశాను. రెండో తాళం, అదే అట్ట, అదే పురికొస. ముందువైపు నాన్న రాత అలాగే ఉంది. వెనక్కి తిప్పాను. ఖాళీగా ఉన్న వైపు అమ్మ వణుకు అక్షరాలతో రాసింది.

తాళం అమ్మాయికి

అది ఎన్నిసార్లు చదివినా ఒక్కలాగే ఉంది.